ఎడమ వైపు దారం

పీర్ సాహెబ్ వేళ్ళు ముందుగా దారం కోసం వెతికాయి. వంకరపోయిన సైకిల్‌ను బల్లకు ఆనించి, ముందు చక్రంలో ఎడమ వైపు స్పోకు ఒకదానికి తెల్లదారం రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. ఆ తర్వాతే పానా చేతికి తీసుకున్నాడు.

అది ఇరవై ఏళ్ళ అలవాటు. సైకిల్ ముందు చక్రం ఎటు తిప్పి బిగించినా ఫోర్కులో కూర్చుంటుంది. చూసేవాళ్ళకు తేడా తెలియదు. కానీ హబ్బులోని ఇనుప గుండ్లు ఏళ్ళ తరబడి ఒకే వైపు తిరిగి ఒకే తీరున అరిగి ఉంటాయి. చక్రాన్ని తిరగేసి బిగిస్తే నెల గడవకముందే కరకరమని చప్పుడు మొదలవుతుంది. ఆత్మకూరులో మిగతా షాపులవాళ్ళు ఈ సంగతి పట్టించుకోరు. పీర్ సాహెబ్ పట్టించుకుంటాడు. దారం ఉన్న వైపు ఎడమ. పని అయిపోయి చక్రం మళ్ళీ ఫోర్కులో కూర్చున్నాక దారం తెంపేస్తాడు.

ఈ చక్రం మళ్ళీ ఫోర్కులో కూర్చునేది కాదని చూడగానే తెలిసింది. రిమ్ము కాల్చిన అప్పడంలా మెలితిరిగిపోయింది. ఏడు స్పోకులు తెగాయి. అయినా చెయ్యి తన అలవాటు తాను మానలేదు.

సైకిల్ ఆదెయ్యది. సోమశిల దగ్గర చేపలు పట్టి, తెల్లారేసరికి ఆత్మకూరు బజారుకు తెచ్చి సగం అమ్ముకొని, మిగిలినవి ఉదయగిరి రోడ్డు పల్లెలకు తీసుకెళ్ళేవాడు. మొన్న బుధవారం రౌండు దగ్గర లారీ కొట్టింది. మనిషి దక్కాడు. కాలు రెండు చోట్ల విరిగింది.

రౌండు అంటే నాలుగు రోడ్లు కలిసే చోట నడుమ కట్టిన గుండ్రటి సిమెంటు దిమ్మె. దాని మీద ఒక లైటు స్తంభం, చుట్టూ నలుపు తెలుపు పట్టీలు. సోమశిల డ్యాము పని జోరందుకొని లారీలు ఎక్కువైనాక కట్టారు. అది కట్టాక వాహనాలు నిదానిస్తాయని అనుకున్నారు. నిదానించలేదు. నెల్లూరు వైపు నుంచి సిమెంటు, ఇనుము వేసుకొని వచ్చే లారీలు ఎడమకు తిరిగి సోమశిల రోడ్డు పట్టాలి. నేరుగా పోతే ఉదయగిరి రోడ్డు. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ వైపు చూసి చెప్పాల్సిన క్లీనరు రాత్రంతా మేలుకొని ఉంటాడు కాబట్టి తల వాల్చి నిద్రపోతుంటాడు. డ్రైవరు ఒక చేత్తో బీడీ, ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, వేగం తగ్గించకుండా అట్లాగే తిప్పేస్తాడు. చెయ్యి చూపించేవాడు లేడు. హారను మాత్రం కొడతారు. ఎవరికి కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో తెలియదు.

పీర్ సాహెబ్ షాపు నెల్లూరు రోడ్డు మీద, రౌండుకు వంద అడుగుల దూరంలో ఉంది. హారను మోగితే ఆయన చేతిలో పని ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టి వింటాడు. రేకు డబ్బా కింద పడ్డట్టు చప్పుడేమైనా వస్తుందేమోనని చూస్తాడు. రాకపోతే మళ్ళీ పానా కదులుతుంది. రోజుకు వందసార్లు ఇదే తంతు. రెండేళ్ళుగా ఆయన రౌండులో సైకిల్ ఎక్కలేదు. దిగి, నడిపించుకుంటూ రోడ్డు దాటుతాడు. సైకిల్ షాపువాడు సైకిల్ నడిపించుకొని పోతున్నాడని టీ అంగడి ప్రేమానందం నవ్వుతుంటాడు.

ఆయన పుట్టింది ఉదయగిరిలో. తండ్రి చెక్క చెంచాలు చెక్కేవాడు. చిన్నప్పుడు పీర్ సాహెబ్ పని ఆ చెంచాలను ఒక్కొక్కటిగా వెలుగుకు ఎదురుగా పట్టి, కాడ వంకర ఉందో లేదో చూడడం. వెంట్రుకవాసి వంకర కూడా ఆ కంటికి దొరికేది. ఆ కన్నుతోనే పద్దెనిమిదేళ్ళకు ఆత్మకూరు వచ్చి బాడుగ సైకిళ్ళ షాపులో చేరాడు. ఎవరూ దగ్గర కూర్చోబెట్టి నేర్పలేదు. రిమ్ములో బెండు తీయడం చూసి నేర్చుకున్నాడు. డెబ్భై ఒకటిలో సొంతంగా రేకుల షాపు వేసుకున్నాడు. ఆయన బెండు తీసిన చక్రాన్ని తిప్పి వదిలితే బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. కలిగిరి నుంచి కూడా చక్రాలు తెచ్చేవాళ్ళు.

షాపు ముందు ఒక రేకు బోర్డు ఉంది. తనే రాశాడు. అక్షరాలు కొంచెం ఎగుడుదిగుడు. "ఎడమ అంచు వదలవద్దు". గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడికి కూడా అదే మాట నోటితో మళ్ళీ చెప్పి పంపేవాడు.

షాపు వెనక గోడకు రెండు రిమ్ములు వేలాడుతున్నాయి. ఒకటి లెక్కల మాస్టారు శ్రీనివాసులుది. రెండోది కట్టెలు కొట్టే ఓబులయ్యది. ఇద్దరూ రౌండు దగ్గరే పోయారు. మనిషి పోయిన సైకిల్‌ను ఆ ఊళ్ళో ఇంటికి తీసుకుపోరు. "ఆ సైకిల్ నా గడప తొక్కనీను, సాయిబూ. నీ కాడే ఉండనీ" అంది ఓబులయ్య భార్య నాగులమ్మ. పాత ఇనుముకు వేయడానికి ఆయనకు మనసొప్పలేదు. పనికొచ్చే సామాను కూడా తీసి వేరేవాళ్ళ సైకిల్‌కు బిగించలేదు. అట్లాగే ఉంచాడు.

మూడోది ఇప్పుడు చేతిలో ఉంది. దాన్ని పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటుంటే జీనత్ అన్నం క్యారియర్‌తో వచ్చింది.

జీనత్ ఆయన ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఒక్కేళ్ళు. నెల్లూరులో నర్సు ట్రైనింగ్ పూర్తి చేసింది. ఉదయగిరి రోడ్డులో ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రానికి వేశారు. వచ్చే సోమవారం చేరాలి. పొద్దున మొదటి బస్సు పది గంటలకు. ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. సైకిలే గతి. పోవాలంటే రౌండు దాటాలి.

పాత లేడీస్ ఫ్రేము ఒకటి సంపాదించి, రంగు గీకి, మళ్ళీ వేసి, రెండు చక్రాలూ ఆయనే కట్టాడు. చీర కొంగు పడకుండా వెనక చక్రానికి జల్లెడ బిగించాడు. మూడు వారాలుగా సైకిల్ ఒక్క వెనక బ్రేకు రాడ్డు లేకుండా షాపు మూలన నిలబడి ఉంది.

"రాడ్డు వచ్చిందా, నాయనా?" అంది జీనత్.

"ఇంకా రాలేదు మా. నెల్లూరులో స్టాకు లేదంట."

జీనత్ క్యారియర్ కింద పెట్టి, పంచర్ రబ్బర్ల డబ్బా మూత తీసింది. రబ్బరు ముక్కల అడుగు నుంచి పొడవాటి రాడ్డు బయటికి లాగింది.

"ఇదేంది మరి?"

పీర్ సాహెబ్ క్యారియర్ విప్పి అన్నం కలపడం మొదలుపెట్టాడు.

"ఇయ్యకుంటే ఇయ్యనని చెప్పు. రాడ్డు మీద పెట్టొద్దు. నేను సోమవారం పోవాల్సిందే. సైకిల్ లేకుంటే బాడుగ సైకిల్ మీద పోతా. బాడుగ సైకిల్‌కి బ్రేకులు ఎట్టుంటాయో నాకంటే నీకే బాగా తెలుసు."

"ఆదెయ్య కాలు చూసినావా నువ్వు?"

"చూసినా. ఆ పొద్దు ఆస్పత్రిలోనే ఉండా. కట్టు కట్టేటప్పుడు కాలు పట్టుకునింది నేనే." ఆమె గొంతు తగ్గించింది. "భయం లేదనుకుంటన్నావా నాకు? ఎడం అంచుకే పోతా, నాయనా. నీ బోర్డు మీద రాసినట్టే. అంచు వదిలితే అడుగు."

ఆ మాట ఆయనకు కొంచెం ధైర్యం ఇచ్చింది. అన్నం తిని, సైకిల్‌ను మూల నుంచి ముందుకు లాగి, వెనక మడ్‌గార్డుకు తెల్లరంగు వేశాడు. కింద అరచెయ్యంత ఎర్ర అద్దం బిగించాడు. వెనక నుంచి వచ్చేవాడికి వంద గజాల దూరం నుంచే కనిపించాలని. రాడ్డు మాత్రం బిగించలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాడు. ఆదెయ్య మంచం మీద కాలికి పిండికట్టుతో పడుకొని ఉన్నాడు.

"సైకిల్ ఎట్టుండాది, సాయిబూ?"

"ముందు చక్రం పోయింది. మిగతాదంతా బాగుండాది. వేరే రిమ్ము కడతాలే."

"కట్టు. నా కాలు కంటే అదే ముందు లేస్తాది." ఆదెయ్య నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగించాడు. "ఒక బుట్ట చేపలు డ్రైవరు కాళ్ళ కాడ పోసినా. పులుసు పెట్టుకొని ఉంటాడు."

"ఏం జరిగింది ఆదెయ్యా? యాడ పోతన్నావు నువ్వు?"

"అంచుకే పోతన్నా. నువ్వు చెప్పినట్టే. ఇంకొంచెం జరిగితే మట్టిలోకి దిగతా, అంత అంచుకి."

"వెనకాల నుంచి వచ్చి గుద్దినాడా?"

"వెనకాల నుంచా? వెనకాల నుంచి కాదు సాయిబూ. పక్కన ఉండాది లారీ. దాని ముందు టైరు నన్ను దాటి పోయింది. హమ్మయ్య అనుకున్నా. ఆమీద ఏమైందో, లారీ మొత్తం నా మీదకి ఒరిగినట్టు వచ్చింది. నేను యాడికి జరగాల? జరిగే చోటు లేదు."

పీర్ సాహెబ్ ఆస్పత్రి నుంచి ఇంటికి పోవలసినవాడు షాపుకు వచ్చాడు. ఇంకా వెలుతురు ఉంది. ఆదెయ్య చక్రం తీసి, చిన్నప్పుడు చెంచా కాడను చూసినట్టు, పడమటి వెలుగుకు ఎదురుగా పట్టాడు. వంపు దారం ఉన్న వైపుకు పొంగింది. రెండో వైపు రిమ్ము మీద నల్లటి రబ్బరు మరక ఉంది. అంటే దెబ్బ కుడివైపు నుంచి తగిలింది. చక్రం ఎడమకు విరుచుకుంది.

వెనక గోడ దగ్గరికి వెళ్ళాడు. మాస్టారి రిమ్ము మేకు మీద నుంచి దించాడు. దుమ్ము తుడిచాడు. రెండేళ్ళ కిందట కట్టిన దారం మట్టిరంగుకు తిరిగి అట్లాగే ఉంది. ఈ చక్రం మళ్ళీ ఫోర్కులో కూర్చోలేదు కాబట్టి ఎవరూ దాన్ని తెంపలేదు. వంపు దారం వైపుకే. ఓబులయ్య రిమ్ము దించాడు. దారం వైపుకే.

మూడూ ముందు చక్రాలే. ఆ రెండు సైకిళ్ళూ అక్కడే గోనెపట్ట కింద ఉన్నాయి. పట్ట తొలగించి వెనక చక్రాలు చేత్తో తిప్పి చూశాడు. రెండూ సాఫీగా తిరిగాయి. ఆదెయ్య సైకిల్ వెనక చక్రం కూడా అంతే. చిన్న బెండు కూడా లేదు.

ఇన్నాళ్ళూ ఆయన వెనక నుంచి వచ్చే దెబ్బకు భయపడ్డాడు. అందుకే అంచుకు పొమ్మన్నాడు. అందుకే తెల్లరంగు, ఎర్ర అద్దం. వెనక నుంచి ఎవరినీ కొట్టలేదు. ముగ్గురూ లారీ పక్కన ఉన్నారు. లారీ ఎడమకు తిరిగింది. ముగ్గురూ అంచున ఉన్నారు.

శ్రీనివాసులు మాస్టారు పోయిన రోజు పొద్దున ఇక్కడే గాలి కొట్టించుకున్నాడు. "అంచు వదలొద్దు సార్" అన్నాడు తను. "వదలనులే సాయిబూ. నీ బోర్డు మాట మా క్లాసులో పిల్లకాయలకి కూడా చెప్తన్నా" అని నవ్వుతూ సైకిల్ ఎక్కాడు. పావుగంటకు రేకు డబ్బా పడ్డట్టు చప్పుడైంది.

పీర్ సాహెబ్ బోర్డు వైపు చూడలేకపోయాడు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చొని లేచాడు. భార్య సుగ్రాబీ ఏమైందని అడిగితే కడుపులో బాగాలేదన్నాడు. జీనత్ చీరకు ఇస్త్రీ చేసుకుంటోంది. అంచుకే పోతా, నాయనా అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది.

కానీ రిమ్ము చెప్పింది సగమే. లారీ ముందు టైరు ఆదెయ్యను దాటి పోయింది కదా, మరి వెనక భాగం మీదికెట్లా వచ్చింది? తెలియని పని మీద పానా పెట్టడం ఆయనకు చేతకాదు. తెలుసుకోవాలి.

శనివారం పొద్దున్నే సున్నపు పొడి ఒక డబ్బాలో పోసుకొని, పిండి జల్లెడ పట్టుకొని రౌండుకు వెళ్ళాడు. నెల్లూరు రోడ్డు సోమశిల వైపు తిరిగే మూలలో, రోడ్డు అంచు నుంచి లోపలికి నాలుగు అడుగుల మేర సున్నం పల్చగా జల్లాడు.

ప్రేమానందం టీ గ్లాసులు కడుగుతూ చూశాడు. "ఏంది సాయిబూ, రోడ్డుకి ముగ్గేస్తన్నావా? పండగ మీదా మాదా?"

"నీ పని నువ్వు చూసుకో."

"గొబ్బెమ్మలు కూడా పెట్టు. లారీ డ్రైవర్లు దండం పెట్టుకొని పోతారు."

పీర్ సాహెబ్ మూలకు పది అడుగుల అవతల మట్టిలో నిలబడ్డాడు. అంతకంటే దగ్గరికి కాళ్ళు పోలేదు. లారీ వస్తున్న చప్పుడు వినగానే ఇంకో నాలుగు అడుగులు వెనక్కు వేశాడు. సిమెంటు లారీ వచ్చింది. హారను కొట్టింది. వేగం తగ్గించకుండా ఎడమకు తిరిగింది. కిటికీలో క్లీనరు తల వేలాడుతోంది. దుమ్ము పోయాక దగ్గరికెళ్ళి చూశాడు.

సున్నంలో రెండు జాడలు. ముందు టైరు జాడ అంచుకు దూరంగా వంపు తిరిగి పోయింది. వెనక జంట టైర్ల జాడ దాని మీద పడలేదు. ఎడమకు కోసుకుంటూ, అంచుకు ఆనుకొని పోయింది. వంగి జానలతో కొలిచాడు. అంచు నుంచి ముందు టైరుకు అయిదు జానలు. వెనక టైరుకు జాన కూడా లేదు. మళ్ళీ సున్నం జల్లాడు. రెండో లారీ ఇంకా పొడవైనది. దాని వెనక టైర్లు ఏకంగా మట్టిలోకే దిగి పోయాయి.

తిరిగేటప్పుడు వెనక టైర్లు ముందు టైర్ల దారిన పోవు. అడ్డంగా కోస్తాయి. ముందు టైరు దాటి పోయింది కదా అని సైకిల్‌వాడు ఊపిరి పీల్చుకునే చోటే వెనక టైరు వచ్చి పడుతుంది. డ్రైవరుకు ఆ వైపు కనిపించదు. తను ఇన్నాళ్ళూ మనుషులను ఎక్కడ ఉండమన్నాడో సరిగ్గా అక్కడ.

ప్రేమానందం గ్లాసు తుడుచుకుంటూ వచ్చి చూశాడు. ఈసారి నవ్వలేదు. "మాస్టారు పడింది ఈ జానలోనే" అన్నాడు మెల్లగా.

పీర్ సాహెబ్ షాపుకు వచ్చి బోర్డు దించి గోడకు తిప్పి పెట్టాడు. జీనత్ సైకిల్‌ను స్టాండు ఎక్కించి బ్రేకు రాడ్డు బిగించాడు. రబ్బర్లు కొత్తవి వేశాడు. రిమ్ముకూ రబ్బరుకూ మధ్య సందు కాగితం మందం ఉంచాడు. హ్యాండిల్‌కు కుడివైపు స్కూటర్ అద్దం ఒకటి చిన్న పట్టీతో బిగించాడు. ముందు బ్రేకు లాగి చూశాడు. గంట కొట్టి చూశాడు.

అంచు కాకపోతే ఎక్కడ పోవాలి? జవాబు ఆయనకు తెలుసు. తెలిసే భయపడుతున్నాడు. లారీ ముందుంటే దాని పక్కకు పోకుండా తోక వెనకే ఆగాలి. లారీ వెనకుంటే, రౌండు దగ్గరికి వచ్చేసరికి అంచు వదిలి రోడ్డు మధ్యకు రావాలి. డ్రైవరు కళ్ళ ముందు ఉండాలి. తాను కూడా చేయని పని బిడ్డకెట్లా చెప్పడం?

ఆదివారం కూడా డ్యాము లారీలు ఆగవు. పొద్దున ఏడు గంటలకు ఆ లేడీస్ సైకిలే ఎక్కి నెల్లూరు రోడ్డు మీద అర మైలు పోయి వెనక్కు తిరిగాడు. సీటు పొట్టిగా ఉండి మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతున్నాయి. అద్దంలో చూశాడు. మొదట ఖాళీ రోడ్డు. తర్వాత ఒక చుక్క. చుక్క పెద్దదై లారీ మొహం అయింది.

షాపు దాటాడు. రౌండు కనిపిస్తోంది. హ్యాండిల్ కుడికి తిప్పి రోడ్డు మధ్యకు వచ్చాడు.

హారను మోగింది. ఒంట్లోని ప్రతి నరం ఎడమకు లాగింది. జరుగు, జరుగు అంటోంది. చేతులు బిగుసుకున్నాయి. మళ్ళీ హారను, ఈసారి వదలకుండా. అద్దం నిండా ఇనుము. ఇంజను వేడి వీపుకు తగిలినట్టు అనిపించింది. అల్లాను తలుచుకొని కలిమా సగం చెప్పి మిగతాది మరిచిపోయాడు. జరగలేదు. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి.

వెనక లారీ బ్రేకు కీచుమంది. లారీ నిదానించింది.

"ఏయ్ సాయిబూ! రోడ్డు మీ తాత రాసిచ్చినాడా? చావాలంటే బావిలో పడి చావరాదా!"

పీర్ సాహెబ్ తల తిప్పలేదు. దిమ్మె పక్కగా తిరిగి నేరుగా ఉదయగిరి రోడ్డులోకి వచ్చాడు. అద్దంలో చూస్తే లారీ ఎడమకు తిరిగి సోమశిల రోడ్డున పోతోంది. వెనక టైర్లు అంచు కోసుకుంటూ పోయాయి. అక్కడ ఎవరూ లేరు.

కొంత దూరం పోయి దిగాడు. రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. చాలాసేపటికి ఒక సంగతి తట్టింది. వాడు తిట్టాడు. తిట్టాడంటే చూశాడు. మాస్టారిని ఎవరూ తిట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో జీనత్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, అగ్గిపెట్టెను లారీగా, వడ్లగింజను సైకిల్‌గా పెట్టి చూపించాడు. అగ్గిపెట్టె ఎట్లా తిరుగుతుందో, దాని వెనక మూల గింజను ఎట్లా తోసేస్తుందో చూపించాడు.

"ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పు మా. ముగ్గురికీ తప్పే చెప్పినా."

జీనత్ గింజ వైపే చూస్తూ కూర్చుంది. "నీకు తెలిసి చెప్పలేదు గదా, నాయనా" అంది.

"తెలవక చెప్పినా. అయినా చెప్పింది నేనే గదా."

సుగ్రాబీ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "ఆడపిల్లని నడిరోడ్డు మధ్యన పోమంటన్నావు. లారీవాళ్ళు నోటికొచ్చినట్టు తిడతారు. ఊరంతా చూస్తాది."

"తిట్టనీ. ఊరంతా చూడనీ. నాకు కావాల్సింది అదే, చూడడం." జీనత్ వైపు తిరిగాడు. "లారీ నీ ముందుంటే?"

"వెనకే ఆగాల. దుమ్ము తిన్నా సరే, పక్కకి పోకూడదు."

"వెనకుంటే?"

"మధ్యకి రావాల. జరగమన్నా జరగకూడదు. రౌండు దాటినాక అంచుకి పోవాల."

"నీకు ధైర్యం చాలకుంటే?"

జీనత్ గింజను అగ్గిపెట్టె వెనక్కి జరిపింది. "చాలకుంటే ముందే దిగి నడిపించుకొని పోతా. మా నాయన పోయినట్టు."

సుగ్రాబీకి నవ్వు వచ్చింది. పీర్ సాహెబ్‌కు కూడా వచ్చింది గానీ నిలవలేదు. సాయంత్రం దాకా ఆమెను సైకిల్ ఎక్కించి, ఖాళీగా ఉన్న స్కూలు మైదానంలో అద్దం చూస్తూ తొక్కడం చేయించాడు. ఇరవైసార్లు బ్రేకు పట్టించాడు. అద్దం ఆమె కంటికి సరిపోయేట్టు రెండుసార్లు పట్టీ విప్పి మళ్ళీ బిగించాడు.

సోమవారం ఏడు గంటలకు షాపు తెరిచాడు. రాత్రి రంగు వేసిన బోర్డు ఆరింది. దాని మీద ఇప్పుడు "లారీ పక్కన పోవద్దు. వెనక ఆగండి" అని ఉంది. అక్షరాలు పాతవాటికంటే ఎగుడుదిగుడుగా వచ్చాయి. మేకుకు తగిలించాడు. ఆదెయ్య సైకిల్‌కు కొత్త రిమ్ము కట్టడానికి స్పోకులు లెక్క పెట్టుకొని పక్కన పెట్టాడు.

జీనత్ తెల్లచీరలో వచ్చింది. చేతిసంచీ క్యారియర్ మీద పెట్టి క్లిప్పు వేసింది. పీర్ సాహెబ్ ముందు చక్రం ఎత్తి ఒకసారి తిప్పాడు. సందు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంది. వెనక చక్రం తిప్పాడు. రెండు బ్రేకులూ లాగాడు. గంట కొట్టాడు. అద్దం చీర కొంగుతో తుడవబోతున్న జీనత్‌ను ఆపి, తన గుడ్డతో తుడిచాడు. ముందు చక్రానికి ఎడమ వైపు కట్టిన దారం ఇంకా ఉంది. వంగి, పళ్ళతో తెంపాడు.

రౌండు దగ్గర హారను మోగింది. ఆయన చెయ్యి ఆగింది. ఊపిరి బిగబట్టి విన్నాడు. చప్పుడేమీ రాలేదు. లారీ సోమశిల రోడ్డు పట్టి పోయింది.

"టైమవుతాంది, నాయనా."

హ్యాండిల్ ఆమె చేతికి ఇచ్చాడు. జీనత్ ఎక్కి, ఒక కాలు నేలకు ఆనించి, అద్దంలోకి చూసింది. అందులో నెల్లూరు రోడ్డుతో పాటు తండ్రి మొహం కూడా కనిపించినట్టుంది.

"నాయనా, క్యారియర్ వదులు."

పీర్ సాహెబ్ చూసుకున్నాడు. తన ఎడమ చెయ్యి క్యారియర్‌ను పట్టుకొనే ఉంది. ఒక్కొక్క వేలే విప్పి, వదిలాడు.